అంతరాత్మ ప్రబోధం: 1969 రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విధేయత, వ్యక్తి స్వతంత్రత

వ్యాస సంగ్రహం

1969 ఆగస్టులో జరిగిన రాష్ట్రపతి ఎన్నిక భారత జాతీయ కాంగ్రెసు చీలికకు దారితీసిన ఘట్టంగా చరిత్ర గ్రంథాలలో నమోదైంది. ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువారే. పార్టీ కట్టుబాటుకు లోబడకుండా పదవిని వదులుకున్న సందర్భాలు ఇద్దరి జీవితాలలోనూ అంతకుముందే ఉన్నాయి. ఆ ఎన్నికలో వాడుకలోకి వచ్చిన 'అంతరాత్మ ప్రబోధం' అనే మాటను ఆ పూర్వ సందర్భాల పక్కన నిలిపి, ఓట్ల లెక్కలనూ తరువాత వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టాన్నీ జోడించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అంతరాత్మ ప్రబోధం, నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి, సభాపతి తటస్థత, విప్, ఫిరాయింపు, పదవ షెడ్యూలు.

1. ఉపోద్ఘాతం

పార్టీకి, అందులోని వ్యక్తికి మధ్య ఏర్పడే ఎడాన్ని చెప్పడానికి తెలుగు రాజకీయ పరిభాషలో మాటలకు కొదువ లేదు. అసంతృప్తి, అసమ్మతి, ధిక్కారం, తిరుగుబాటు, ఫిరాయింపు, గోడదూకుడు అనే మాటలన్నీ ఒకే పనిని సూచించవచ్చు. కానీ ఒక్కొక్కదాని తూకం వేరు. పార్టీలో ఉంటూ విభేదించినవాడు అసమ్మతివాది. విభేదించి బయటకు వెళ్ళి మరొక పార్టీలో పదవి పొందినవాడు ఫిరాయింపుదారు. 'ఫిరాయించు' హిందుస్తానీ నుంచి వచ్చిన క్రియ, దాని అర్థం తిప్పడం, మళ్ళించడం. మాట ఫిరాయించడం అనే వాడుకలోని నింద పార్టీ ఫిరాయింపులోనూ నిలిచింది. ఈ మాటల నడుమ 1969లో 'అంతరాత్మ ప్రబోధం' వచ్చి చేరింది. వేదాంత పరిభాషకు చెందిన అంతరాత్మ అనే పదం ఒక రహస్య బ్యాలెట్టుకు విశేషణం కావడం విచిత్రమే. అంతకంటే విచిత్రం, ఆ మాట రెండు మూడు దశాబ్దాలు గడిచేసరికి తెలుగు పత్రికలలో వ్యంగ్యార్థంలోనే ఎక్కువగా కనిపించడం.

మాటకు పట్టిన ఈ గతికి కారణం ఆ ఎన్నికలోనే ఉంది. దానిని గుర్తించాలంటే ముందుగా అభ్యర్థులిద్దరి పూర్వ చరిత్రను చూడాలి.

2. రెండు రాజీనామాలు

వరాహగిరి వెంకటగిరి 1894లో నాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి తిరిగివచ్చి కార్మికోద్యమంలో ప్రవేశించారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలోనూ తరువాత ప్రకాశం మంత్రివర్గంలోనూ పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో కార్మిక అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినప్పుడు, 1954లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తన శాఖ పరిధిలోని ఒక తీర్పును తన ప్రభుత్వమే తగ్గిస్తుంటే మంత్రిగా కొనసాగడం కుదరదని ఆయన భావించారు. ఆయన కాంగ్రెసును వీడలేదు, ప్రతిపక్షంలో చేరలేదు, కొత్త పార్టీ పెట్టలేదు. పదవిని మాత్రమే వదులుకున్నారు. 1957 ఎన్నికలలో పార్వతీపురంలో ఓడిపోయి, ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967 మేలో ఉపరాష్ట్రపతి అయ్యారు.

నీలం సంజీవరెడ్డి 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో జన్మించారు. ఆయన రాజకీయ శిక్షణ పూర్తిగా పార్టీ నిర్మాణంలోనే సాగింది. ప్రకాశం నాయకత్వంలో 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్ర ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రిగా ఉన్నారు. మద్యనిషేధం విషయమై 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు, సభలో ఒక్కొక్క సభ్యుని నిర్ణయానికి ఉండే బలమేమిటో ఆయన దగ్గరగా చూశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1960 నుంచి 1962 వరకు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా ఉండి, మరల ముఖ్యమంత్రిగా వచ్చారు. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ వ్యాజ్యంలో, తనపై వచ్చిన దురుద్దేశారోపణలను ముఖ్యమంత్రి ప్రమాణపత్రం ద్వారా ఖండించలేదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించగా, 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఇది కూడా పదవిని వదులుకోవడమే. అయితే దీనిని పార్టీతో విభేదించిన సందర్భంగా లెక్కించరాదు. కోర్టు వ్యాఖ్యకు నైతిక బాధ్యత వహించడం వేరు, స్వపక్షం నిర్ణయాన్ని కాదనడం వేరు. ఆయన జీవితంలో పార్టీకి దూరంగా జరిగిన మొదటి ఘట్టం 1967లో వచ్చింది.

3. సభాపతి స్థానం, పార్టీ సభ్యత్వం

1967 సార్వత్రిక ఎన్నికలలో సంజీవరెడ్డి హిందూపురం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మార్చి 17న సభాపతి స్థానానికి పోటీ జరిగింది. ప్రతిపక్షాలు నిలిపిన అభ్యర్థి కూడా తెలుగువారే, విశాఖపట్నం నుంచి ఎన్నికైన తెన్నేటి విశ్వనాథం. ప్రకాశం అనుయాయిగా, కాంగ్రెసుకు లోపలా వెలుపలా నడిచిన అనుభవం తెన్నేటిది. సంజీవరెడ్డి 278, తెన్నేటి 207 ఓట్లు పొందారు. ఎన్నికైన వెంటనే సంజీవరెడ్డి 34 సంవత్సరాల కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు.

ఈ నిర్ణయం విలువను తక్కువ చేయనక్కరలేదు. నాలుగవ లోక్‌సభలో కాంగ్రెసు బలం బాగా తగ్గింది. అనేక రాష్ట్రాలలో కాంగ్రెసేతర ప్రభుత్వాలు వచ్చాయి. ప్రతిపక్షం పెద్దదైన సభను నడిపించే వ్యక్తి అధికారపక్షం మనిషి కాడన్న నమ్మకం సభ్యులకు కలగవలసిన సమయమది. రాష్ట్రపతి ఉభయసభలనుద్దేశించి ప్రసంగించిన రోజుననే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు స్వీకరించడం ఆయన హయాములో జరిగింది. సభలో పలికిన ఏ మాటపైనా న్యాయస్థానంలో దావా చెల్లదని సుప్రీంకోర్టు 1970లో స్పష్టం చేసిన వ్యాజ్యంలో ప్రతివాదిగా నమోదైనది కూడా ఆయన పేరే.

ఆ లోక్‌సభ కాలంలోనే ఫిరాయింపుల సమస్య పార్లమెంటు ముందుకు వచ్చింది. కర్నూలు జిల్లాకు చెందిన కాంగ్రెసు సభ్యులు పెండేకంటి వెంకటసుబ్బయ్య ప్రతిపాదించిన తీర్మానాన్ని లోక్‌సభ 1967 డిసెంబరు 8న ఆమోదించగా, వై.బి. చవాన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం పరిశీలించిన 210 మంది ఫిరాయింపుదారులలో 116 మంది మంత్రివర్గాలలో చేరినట్లు తేలింది. సగానికి పైగా సభ్యులకు పార్టీ మారడం పదవికి మెట్టు అయింది. ఫిరాయింపుకూ, మనఃపూర్వకమైన విభేదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది సంఘం ఎదుర్కొన్న అసలు చిక్కు. ఆ గీతను గీయడానికి 1985 వరకు ఏ శాసనమూ రాలేదు. ఈలోగా 1969 వచ్చింది.

4. అభ్యర్థిత్వం

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో బెంగళూరులో సమావేశమైన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు, జగజీవన్ రామ్‌ను సూచించిన ప్రధాని ఇందిరాగాంధీ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, మెజారిటీ నిర్ణయంతో సంజీవరెడ్డిని అభ్యర్థిగా ప్రకటించింది. ఆ తరువాతి పది రోజులలో సంఘటనలు వేగంగా నడిచాయి. జులై 16న మొరార్జీ దేశాయి నుంచి ఆర్థికశాఖను ప్రధాని తీసుకున్నారు. 19న 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసినవారు గిరి. పదిహేనేళ్ళ క్రితం బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవిని వదులుకున్న వ్యక్తి బ్యాంకుల జాతీయీకరణ పత్రంపై సంతకం చేసి, మరుసటి రోజున తన పదవికి రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. సంజీవరెడ్డి కూడా 19ననే సభాపతి స్థానాన్ని వదులుకున్నారు. రెండు ఉన్నత రాజ్యాంగ స్థానాలు ఒక్క రోజు తేడాలో ఒకే ఎన్నిక కోసం ఖాళీ అయ్యాయి. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతిగా వచ్చారు.

ఇక్కడ ఒక విషయంపై నిలవాలి. రెండేళ్ళ క్రితం పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్న సభాపతి, ఆ స్థానం నుంచి దిగిన రోజున అదే పార్టీకి అధికార అభ్యర్థి. న్యాయరీత్యా ఇందులో దోషం లేదు. రాష్ట్రపతి పదవి పార్టీలకు అతీతమైనదన్న వాదనకూ చోటుంది. కానీ సభాపతి తటస్థతను లోకం ఏ కొలతతో చూస్తుందన్నది ప్రధానం. పార్టీని వీడినవాడిని ఆ పార్టీయే అంతకంటే పెద్ద పదవికి ఎంపిక చేసినప్పుడు, వీడడం నిజంగా వీడడమేనా అన్న ప్రశ్న తప్పదు. 1967 నాటి రాజీనామా ఉదాత్తమైనదే. దానిని సంప్రదాయంగా నిలబెట్టే అవకాశాన్ని మాత్రం 1969 నాటి అభ్యర్థిత్వం బలహీనపరచింది. ఆయన ఎన్నికై ఉంటే ఈ ప్రశ్న మరింత గట్టిగా వినబడేది. ఓటమి దానిని మరుగుపరచింది.

5. సంతకం ఒకచోట, ఓటు మరొకచోట

సంజీవరెడ్డి నామినేషను పత్రంపై ప్రతిపాదకురాలిగా సంతకం చేసినవారు ఇందిరాగాంధీ. ప్రచారం సాగుతుండగా కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిశారు. ఆ పార్టీలు సి.డి. దేశముఖ్‌ను నిలబెట్టాయి. వారి రెండవ ప్రాధాన్య ఓట్లను సంజీవరెడ్డికి వేయించడం ఆ సంప్రదింపుల లక్ష్యం. దీనిని ప్రధాని వర్గం ఆయుధంగా మలచుకుంది. జగజీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అధ్యక్షుని వివరణ కోరారు. పార్లమెంటరీ పక్ష నాయకురాలిగా సంజీవరెడ్డికి అనుకూలంగా విప్ జారీ చేయడానికి ప్రధాని నిరాకరించారు. సభ్యులు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలన్న పిలుపు పోలింగుకు ముందు ఈ వాతావరణంలో వెలువడింది.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు జరిగాయి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశముఖ్‌కు 1,12,769 విలువగల ఓట్లు వచ్చాయి. గెలుపుకు కావలసినవి 4,18,169. ఎవరికీ అది చేరలేదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని తొలగిస్తూ బదిలీ చేయగా, చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 వద్ద నిలిచారు. తేడా 14,650.

ఈ అంకెలు సాధారణంగా ఫలితాన్ని చెప్పడానికే ఉదహరింపబడుతున్నాయి. వాటిలో మరొక విశేషముంది. బదిలీ ద్వారా గిరికి చేరినవి 18,562 ఓట్లు, సంజీవరెడ్డికి చేరినవి 91,879. అంటే వీరిద్దరి మధ్య పంపిణీ అయిన బదిలీ ఓట్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా సంజీవరెడ్డివే. నిజలింగప్ప సంప్రదింపులు ఫలించాయనే చెప్పాలి. జనసంఘ్, స్వతంత్ర పార్టీల సభ్యులు తమ నాయకుల మాటను చాలావరకు పాటించారు. పాటించనిది కాంగ్రెసువారే. బయటివారి క్రమశిక్షణ దాదాపు గెలిపించిన అభ్యర్థిని స్వపక్షం ఓట్లు ఓడించాయి. 1967లో కాంగ్రెసు అభ్యర్థి జాకిర్ హుసేన్ 4,71,244 ఓట్లతో నెగ్గారు. ఆయనపై పోటీ చేసి 3,63,971 ఓట్లు పొందిన కోకా సుబ్బారావు కూడా తెలుగువారు కావడం, అందుకోసం ప్రధాన న్యాయమూర్తి పదవిని వదులుకోవడం ఇక్కడ గుర్తుచేసుకోదగినవి. ఆ రెండేళ్ళలో కొన్ని రాష్ట్రాల శాసనసభల కూర్పు మారిన మాట నిజమే గాని, 1967, 1969 అంకెల మధ్య ఉన్న అంతరాన్ని ఆ మార్పు ఒక్కటే వివరించలేదు.

ఆనాడు ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. తేడా అయిన 14,650 అంటే సుమారు పాతికమంది సభ్యుల విలువ. పదమూడుగురు అటునుంచి ఇటు మొగ్గి ఉంటే చాలు, ఫలితం తారుమారు అయ్యేది. ఆ పదమూడుగురు ఎవరన్న ప్రశ్నకు సమాధానం లేదు. రాజ్యాంగం 55వ అధికరణం ఈ ఎన్నికకు రహస్య బ్యాలెట్టును విధించింది. అంతరాత్మ ప్రబోధానికి పేరూ ఊరూ లేకపోవడం ఈ స్వతంత్రతలోని బలహీనత. 1954లో గిరి చేసినది బహిరంగం, దాని మూల్యం మంత్రి పదవి. 1969లో ఆయనకు ఓటు వేసిన కాంగ్రెసు సభ్యునికి, పార్టీ అధ్యక్షుని మాట కాదన్నా ప్రధాని అండ ఉంది. రహస్యం మరొక రక్షణ. వారిలో నిజంగా అంతరాత్మను సంప్రదించినవారు లేరని అనడం న్యాయం కాదు. బ్యాంకుల జాతీయీకరణను విధానపరంగా సమర్థించి, ఆ వర్గానికి ఓటు వేసినవారున్నారు. కాని విశ్వాసంతో వేసిన ఓటునూ, గాలివాటం చూసి వేసిన ఓటునూ వేరు చేసే సాధనం ఆ పద్ధతిలో లేదు. 'అంతరాత్మ' తెలుగులో వ్యంగ్యపదంగా మారడానికి మూలం ఇక్కడే ఉన్నట్లు తోస్తుంది.

అదే వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తీవ్రంగా సాగుతున్నది. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవికి రాజీనామా చేసి ఉద్యమంలో నిలిచారు. ఇద్దరు తెలుగువారు రాష్ట్రపతి స్థానానికి పోటీపడుతున్న సమయంలో, తెలుగునాట స్వపక్షాన్ని బహిరంగంగా కాదన్న గొంతులు వినబడినది ఢిల్లీ బ్యాలెట్టు విషయంలో కాదు, ఈ ఉద్యమంలో. రాజకీయ చరిత్రకారులు ఈ రెండింటినీ వేరు వేరు అధ్యాయాలలో పెట్టడం వల్ల ఒకే పార్టీలో ఒకే సమయంలో నడిచిన రెండు రకాల ధిక్కారాల పోలిక మరుగునపడింది.

6. తరువాతి కథ

గిరి ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం చేశారు. ఎన్నికల సమయంలో సంజీవరెడ్డి వ్యక్తిత్వాన్ని దూషిస్తూ పంచిన కరపత్రం ఆధారంగా ఎన్నికను సవాలు చేసిన పిటిషన్లలో రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టులో సాక్ష్యమిచ్చారు. 1970లో పిటిషన్లు కొట్టివేయబడ్డాయి. 1969 నవంబరు 12న ఇందిరాగాంధీని కాంగ్రెసు నుంచి బహిష్కరించడంతో చీలిక పూర్తి అయింది. సంజీవరెడ్డి అనంతపురం వెళ్ళి వ్యవసాయంలో ఉండిపోయారు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాల నుంచి గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాలలో కాంగ్రెసుకు దక్కనిది అదొక్కటే. మరల సభాపతి అయి, కొన్ని నెలలలోనే ఆ పదవిని వదులుకొని రాష్ట్రపతి ఎన్నికకు నిలిచారు. దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరింపబడినందున ఓటింగు జరగలేదు. ఎనిమిదేళ్ళ క్రితం ఎవరి అంతరాత్మలు తనను ఓడించాయో వారికి ఈసారి ఓటు వేసే పనే పడలేదు.

7. పదవ షెడ్యూలులో ఒక పేరా

1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా, సభలో పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోతుంది. ఓటు విషయంలో ముందస్తు అనుమతికీ, పదిహేను రోజులలో పార్టీ ఇచ్చే మన్నింపుకూ చోటుంది. చవాన్ సంఘం ఎదుర్కొన్న చిక్కును ఈ చట్టం విప్పలేదు, తెంచింది. విశ్వాసంతో విభేదించినవాడూ, పదవికోసం మారినవాడూ ఇందులో ఒకే శిక్షకు పాత్రులు. 1992లో కిహోటో హొల్లోహాన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు షెడ్యూలును సమర్థిస్తూనే, ప్రభుత్వ మనుగడకో ప్రధాన విధానానికో సంబంధించిన ఓటింగులకు ఈ నిషేధాన్ని పరిమితం చేసి చదవాలని సూచించింది. ఆచరణలో విప్‌లు ఆ పరిమితిని పాటించిన దాఖలాలు తక్కువ. రాష్ట్రపతి ఎన్నిక సభలో జరిగే ఓటింగు కాదు గనుక ఈ షెడ్యూలు దానిని తాకదు. 1969 నాటి ద్వారం ఆ ఒక్కచోట ఇంకా తెరిచే ఉంది.

ఇదే షెడ్యూలు 5వ పేరాలో సంజీవరెడ్డి నడిచిన దారి అక్షరరూపంలో కనిపిస్తుంది. సభాపతిగా ఎన్నికైన కారణంగా పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నవారికి అనర్హత వర్తించదు. పదవిలో ఉన్నంతకాలం ఆ పార్టీలో తిరిగి చేరకూడదు, మరొక పార్టీలోనూ చేరకూడదు. పదవి ముగిసిన తరువాత పాత పార్టీలో చేరినా దోషం లేదు. 1967 నాటి రాజీనామాకూ 1969 నాటి పునరాగమనానికీ కలిపి చట్టం ఇచ్చిన ఆమోదమిది. తటస్థతకు రక్షణ కల్పించిన పేరాయే తిరిగివచ్చే దారినీ కల్పించడం శాసనకర్తల లోకజ్ఞానమో, రాజీయో నిర్ణయించడం కష్టం.

ఈ వెసులుబాటును వాడుకోవడం మాత్రం ఆనవాయితీ కాలేదు. 2004లో సభాపతిగా ఎన్నికైన సోమనాథ్ చటర్జీ మార్క్సిస్టు పార్టీ సభ్యత్వాన్ని వదులుకోలేదు. 2008లో భారత–అమెరికా అణు ఒప్పందంపై ఆ పార్టీ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకొని, ఆయనను సభాపతి స్థానం నుంచి దిగిపొమ్మని కోరింది. ఆయన దిగలేదు. జులై 22న విశ్వాస తీర్మానంపై ఓటింగును సభాపతిగా నిర్వహించారు. మరునాడు పార్టీ ఆయనను బహిష్కరించింది. 5వ పేరా రాజ్యాంగంలో చేరి అప్పటికి 23 ఏళ్ళు.